నల్ల రోడ్డుపై తెల్ల చారలు

పట్టణాలలో కూడళ్ళ దగ్గర, బడుల ముందు రోడ్డు మీద వెడల్పైన తెల్ల చారలు కనిపిస్తాయి. కాలినడకన వెళ్ళేవారు రోడ్డు దాటడానికి ఏర్పరచిన చోటు అది. చారల గుర్రం ఒంటి మీది చారలను పోలి ఉండటం వల్ల దీనికి జీబ్రా క్రాసింగ్ అనే పేరు వచ్చింది. చూడటానికి ఇవి రంగు డబ్బా, కుంచె ఉంటే ఎవరైనా వేయగల గీతలు. కాని గీతలు ఇలాగే ఉండాలని తేల్చడానికి ఒక ప్రభుత్వం శాస్త్రజ్ఞులను నియమించి, ప్రజాధనం ఖర్చు చేసి పరీక్షలు జరిపించింది.

ఆ దేశం బ్రిటన్. 1930 తరువాతి సంవత్సరాలలో అక్కడ మోటారు వాహనాలు పెరిగి, పాదచారులకు రోడ్డు దాటడం ప్రాణాపాయమైంది. అందుచేత దాటవలసిన చోట్ల రోడ్డు పక్కన స్తంభాలు నాటి, వాటి మీద నారింజ రంగు గోళాలు అమర్చారు. రోడ్డు మీద లోహపు గుబ్బలను వరుసగా దిగగొట్టారు. ఆ గుబ్బలు నడిచేవారికి బాగానే కనిపించేవి. కారు నడిపేవారికి మాత్రం దూరం నుంచి కనిపించేవి కావు. తనకు రక్షణ ఉన్నదన్న ధైర్యంతో పాదచారి అడుగు వేసేవాడు. అక్కడ దాటే చోటు ఉన్న సంగతి డ్రైవరుకు ఆలస్యంగా తెలిసేది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక ఈ సమస్య ప్రభుత్వ రహదారి పరిశోధనశాలకు వచ్చింది. అక్కడి శాస్త్రజ్ఞులు రోడ్ల చిన్న నమూనాలు తయారు చేసి, వాటి మీద రకరకాల గుర్తులను, రంగులను పరీక్షించారు. దూరం నుంచి ఏది త్వరగా కంటికి ఆనుతుందో గమనించారు. నలుపు మీద తెలుపు చారలు అన్నిటికంటె మేలని తేలింది. అయినా వెంటనే దేశమంతటా వాటిని వేయలేదు. 1949లో సుమారు 1000 చోట్ల వేసి చూశారు. 1951లో వాటికి చట్టబద్ధత కల్పించారు.

ప్రతి ప్రయోగమూ ఫలించదు. 1962లో అక్కడే త్రికోణాకారపు గుర్తులతో, మినుకుమినుకుమనే దీపాలతో పాండా క్రాసింగ్ అనే కొత్త ఏర్పాటు చేశారు. ఏ దీపానికి ఏ అర్థమో జనానికి సరిగా బోధపడలేదు. కొన్నేళ్ళకే దానిని విడిచిపెట్టారు. అయితే ఆ ఖర్చు పూర్తిగా వృథా అయినట్లు కాదు. ఏది పనికిరాదో తెలుసుకోవడం కూడా పరిశోధనలో భాగమే.

ఇటువంటి పనికి ప్రభుత్వమే ఎందుకు డబ్బు పెట్టాలి? హెల్మెట్ తయారు చేసే వ్యాపారి దానిని అమ్మి పెట్టుబడి రాబట్టుకుంటాడు. రోడ్డు మీది చారను ఎవరూ కొనరు. దానిని దాటే వృద్ధురాలి దగ్గర ఎవరూ రుసుము వసూలు చేయరు. లాభం అందరిదీ అయినప్పుడు ఖర్చు కూడా అందరూ కలిసి భరించాలి. పన్నుల ద్వారా జరిగేది అదే.

మన దేశంలోనూ ఈ ఆలోచన పాతదే. 1927లో ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచన మేరకు, పెట్రోలు మీద అదనపు సుంకం విధించి 1929లో కేంద్ర రహదారి నిధిని నెలకొల్పారు. అందులో కొంత భాగాన్ని పరిశోధన వంటి పనులకు కేటాయించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఢిల్లీలో కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ ప్రారంభమైంది.

పరిశోధన అవసరం నేటికీ తీరలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు సుమారు 460 మంది. వారిలో దాదాపు ఐదో వంతు పాదచారులు. ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందో కచ్చితంగా తెలియకపోతే నివారణ మార్గం దొరకదు. అందుకే ప్రపంచ బ్యాంకు నిధులతో, మద్రాసు ఐ.ఐ.టి. సాంకేతిక సహాయంతో, ప్రమాదాల వివరాలను ఒకచోట చేర్చే పథకం 2021లో మొదలైంది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర సహా ఆరు రాష్ట్రాలలో దానిని ముందుగా అమలు చేశారు. పోలీసులు సంఘటన స్థలం నుంచే ఫోనులో వివరాలు నమోదు చేస్తారు. ఒకే మలుపులో మళ్ళీ మళ్ళీ ప్రమాదాలు జరిగితే ఆ సంగతి బయటపడుతుంది. అప్పుడు ఇంజనీర్లు వెళ్ళి, లోపం మలుపులో ఉన్నదా, వెలుతురులో ఉన్నదా, హెచ్చరిక బోర్డులో ఉన్నదా అని పరిశీలించవచ్చు.

కనుగొన్నది కాగితాల మీదనే ఉండిపోతే ప్రజాధనానికి ఫలం దక్కదు. చెరిగిపోయిన చారకు మళ్ళీ రంగు వేయాలి. ఆ చారను చూసి డ్రైవరు బండి ఆపాలి. అప్పుడే శాస్త్రజ్ఞుల శ్రమ బడికి నడిచి వెళ్ళే పిల్లలకు రక్షణగా నిలుస్తుంది.