ఆయాసం ఆలస్యంగా వస్తుంది

ఇంట్లో పెద్దవారు మూడు వారాలుగా దగ్గుతున్నా, ‘ఆయాసమేమీ లేదు కదా, అదే తగ్గుతుందిలే’ అని ఊరుకోవడం మన కుటుంబాలలో మామూలే. ఆయాసం లేనంత మాత్రాన ఊపిరితిత్తులు బాగున్నాయని అనుకోవచ్చునా? పీల్చిన గాలి లోపల ఏమవుతుందో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది.

శ్వాసనాళం చీలికలు చీలికలుగా సాగి, చివరకు వాయుగోణులనే అతి సూక్ష్మమైన బుడగలలో ముగుస్తుంది. ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటి గోడలన్నింటినీ విప్పి పరచగలిగితే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే ఒక మోస్తరు ఇంటి నేలంత విస్తీర్ణం. ప్రతి గోణినీ వెంట్రుక కన్న సన్నని రక్తనాళాల వల అల్లుకొని ఉంటుంది. గాలికీ రక్తానికీ నడుమనున్న తెర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు.

ఈ తెర దేనినీ లాగదు, తోయదు. పీడనం ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి వాయువు తానే వ్యాపిస్తుంది. గోణిలో ప్రాణవాయువు పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తంలో 40. కనుక అది రక్తంలోకి దిగుతుంది. బొగ్గుపులుసు వాయువుకు రక్తంలో 45, గోణిలో 40. తేడా స్వల్పమే అయినా, అది ఈ తెరను దాదాపు ఇరవై రెట్లు సులువుగా దాటుతుంది. రక్తం గోణి వద్ద ముప్పాతిక సెకను మాత్రమే ఉంటుంది. అందులో మూడో వంతు సమయానికే పని పూర్తవుతుంది.

రక్తం గుండె కుడి భాగం నుండి ఎడమ భాగానికి ఊపిరితిత్తుల మీదుగానే చేరుతుందని 13వ శతాబ్దంలోనే వ్రాసిన వైద్యుడు ఇబ్నె నఫీస్. ఆయన డమాస్కస్‌లో చదివి, కైరోలో 1288లో మరణించారు. గుండె గదుల నడుమ గోడలో కనబడని రంధ్రాలున్నాయని గాలెన్ చెప్పగా, ఇబ్నె సీనా కూడా అంగీకరించారు. ఆ ఇబ్నె సీనా గ్రంథానికే వ్యాఖ్య వ్రాస్తూ ఈయన దానిని నిరాకరించారు. గురువుల మీద గౌరవం, సత్యం మీద పట్టుదల రెండూ ఒకే కలంలో ఇమిడాయి!

ఇక కణజాలంలో వ్యవహారం తలక్రిందులు. కణాలు ప్రాణవాయువును నిరంతరం ఖర్చు చేస్తుంటాయి గనుక, రక్తంలోని హీమోగ్లోబిన్ తన సరుకును అక్కడ దించి, బొగ్గుపులుసు వాయువు తిరుగు ప్రయాణానికి దారి ఇస్తుంది. శ్రమించే కండరం వేడెక్కితే హీమోగ్లోబిన్ పట్టు మరింత సడలి, అక్కడ ఎక్కువ దించుతుంది. విశ్రాంతిలో మాత్రం నాలుగో వంతే ఖర్చు. మూడు వంతులు మిగులు.

ఈ మిగులు మీదనే ఒకనాటి క్షయ చికిత్స ఆధారపడింది. పుంగనూరు వారికి చిరపరిచితమైన మదనపల్లె చెంత, ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలసింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధిపతి. అప్పటికి మందు లేదు. పొడి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే ఆధారం. ఆ కాలపు శానిటోరియంలలో మరో పద్ధతి కూడా ఉండేది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమ సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడిచివేసేవారు. రోగి రెండవదానితో బ్రతికేవాడు. ఎక్కించిన గాలి మెల్లగా రక్తంలోకి ఇంకిపోయేది గనుక మళ్ళీ మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఈ పద్ధతి క్రమంగా కనుమరుగయింది.

ఆ రోగులను బ్రతికించిన మిగులే నేడు మనలను మోసగిస్తుంది. క్షయ కొంత భాగాన్ని తినివేసినా, తక్కిన గోణులు ఆ లోటును కనబడనీయవు. దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ముందు వస్తాయి. ఆయాసం తరచు చాలా నష్టం జరిగాకే వస్తుంది. పోయిన గోణులు మందుతో తిరిగి రావు. పెళ్ళి కావలసిన ఆడపిల్ల దగ్గును నలుగురికీ తెలుస్తుందని దాచే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. సకాలంలో మందు పడితే క్షయ నయమవుతుంది, ఆమె కాపురానికి ఏ అడ్డూ ఉండదు.

దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించండి. పరీక్ష, మందులు రెండూ ఉచితం. ఉదయాన్నే నోరు పుక్కిలించి, గుండెల లోతు నుండి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. నోటి ఉమ్మి పనికిరాదు.