ఒక టిచ్ బటన్ ఊడితే పక్కవాటిపై ఎంత బరువు?

ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు, తారురోడ్డే. అక్కణ్నుంచి పావన నరసింహస్వామి దగ్గరికి జీపులు పోయే అడవిదారి మాత్రం గుంతలమయం. రెక్సిన్ టాపుకైనా, ఆటో పక్క పరదాకైనా ఇలాంటి కుదుపుల్లో ముందుగా ఊడొచ్చేది టిచ్ బటన్. పడవ మీద కప్పే కాన్వాసుదీ ఇదే తంతు. ‘ఒకటే కదా పోయింది’ అని వదిలేస్తాం. లెక్క వేస్తే అలా వదలబుద్ధి కాదు.

15 సెంటీమీటర్లకొక బటన్ ఉందనుకోండి. ఒక్కోటీ అంతమేర బట్టను పట్టి ఉంచుతుంది. మధ్యలో ఒకటి ఊడితే దాని వాటా పక్క రెండింటి మీద పడుతుంది: చెరి 22.5 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర రెట్లు. వరసగా రెండు పోతే రెట్టింపు. ఇక గాలి. గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 7.7 కిలోల బరువుతో నెడుతుంది. 60 అయితే 17 కిలోల పైమాటే. నంద్యాల హైవే మీద ఒక బటన్ లేని పరదాతో 40 నుంచి 60కి పెంచారా, పక్క బటన్‌పై భారం, అన్ని బటన్లూ ఉండి 40లో పోయినప్పటికంటే దాదాపు 3.4 రెట్లు. మర్నాడు అదీ ఊడితే వింతేముంది?

1885లో జర్మనీలో హెరిబర్ట్ బావర్ ఈ బటన్‌కు పేటెంట్ తీసుకున్నది ప్యాంట్ల కోసం! పడవ కవర్లకు ఎక్కువగా వాడేది 24 లైన్ సైజు. 40 లైన్లు ఒక అంగుళం కాబట్టి టోపీ వెడల్పు సుమారు 15 మిల్లీమీటర్లు. బట్టకు టోపీ, ఆడ భాగం. పడవ చెక్కకైతే మరతో బిగించే మగ భాగం. ఉప్పునీటి మీద 2–3 శాతం మాలిబ్డినం కలిసిన 316 స్టీలు కావాలి. కృష్ణ నీటికి, మన జీపులకు నికెల్ పూసిన ఇత్తడి చాలు.

నా లెక్కలో తప్పు చాలాసార్లు బటన్‌ది కాదు, రంధ్రానిది. 40 డిగ్రీలు దాటే ఎండలకు రెక్సిన్ ఏటేటా బిరుసెక్కి, రంధ్రం అంచున చీలుతుంది. అదే రంధ్రంలో కొత్త బటన్ కొట్టించడం డబ్బు దండగ. పాతదాన్ని మెలితిప్పి పీకకుండా, లోపలివైపు మడత అంచును కటింగ్ ప్లయర్‌తో కత్తిరించాలి. వెనక 30 మిల్లీమీటర్ల గుండ్రటి అతుకు వేసి, రెండు వరసలు కుట్టించాలి. కొత్త రంధ్రం బటన్ కాడ పట్టేంతే ఉండాలి. గుడ్డ మందం పోను కాడ 2 మిల్లీమీటర్లకు మించి మిగిలితే సుత్తి దెబ్బకు పక్కకు వంగుతుంది. డై నిటారుగా పెట్టి కొట్టాక టోపీ వేలితో తిరిగితే పని కుదరలేదన్నమాట.

బిగుసుకుంటే నూనె వద్దు, దుమ్ము పడుతుంది, కొవ్వొత్తి రుద్దండి. విప్పేటప్పుడు పరదా కొస లాగకండి, బటన్ పక్కనే వేలు పెట్టి ఎత్తండి. షాపుకు పాత బటన్ వెంట తీసుకెళ్లండి: ఒక కంపెనీ ఆడ భాగం ఇంకో కంపెనీ మగ భాగంపై కూర్చుంటుందన్న నమ్మకం లేదు.