పసుపు, కారం కల్తీ: గ్లాసు నీళ్ల పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?



పోయిన నెల ఏడో తరగతి పిల్లలు సైన్స్ యాక్టివిటీ కోసం ఇంటి నుంచి పొట్లాల్లో పసుపు, కారం తెచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు క్లాసులో నేనొక పొరపాటు చేశాను. అది తర్వాత చెప్తాను, ముందు పరీక్ష సంగతి.

గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని, కలపకుండా పైన ఒక చెంచా కారం చల్లండి. నీళ్లలో కరిగే కృత్రిమ రంగు కలిసి ఉంటే ఎర్రటి చారలు కిందికి జారుతూ కనిపిస్తాయి. అడుగుకు చేరిన పొడిని వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరగరలాడితే ఇటుక పొడో ఇసుకో ఉందేమో అనుకోవాలి. సబ్బులా జారితే బలపం రాయి పొడి కావచ్చు. ఈ రుద్దే పని మాత్రం పెద్దవాళ్లే చేయండి. పిల్లలు అదే చేత్తో కళ్లు నులుముకుంటారు.

పసుపుకూ ఇంతే. మంచి పసుపు అడుగుకు దిగుతూ నీళ్లకు లేత రంగు ఇస్తుంది. రంగు కలిపినదైతే నీళ్లు చిక్కటి పసుపుగా మారతాయి.

ఇక నా పొరపాటు. ఎవరి గ్లాసు ఏదో తెలియాలని గ్లాసుల మీద పిల్లల పేర్లతో స్టిక్కర్లు అంటించాను. ఒక బాబు గ్లాసులో ఎర్రటి చారలు దిగాయి. వాళ్ల నాన్నగారిది కిరాణా కొట్టు. ఇక మిగతా పిల్లలు ఊరుకుంటారా? ఇంటర్వెల్‌లో ఆ బాబు నా దగ్గరికొచ్చి "మా నాన్న ఏం కలపలేదు మిస్" అన్నాడు. సాయంత్రం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "బస్తా తెచ్చి పొట్లాలు కడతానమ్మా, లోపల ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు" అన్నారు. మర్నాటి నుంచి మా గ్లాసుల మీద నంబర్లే ఉంటున్నాయి.

ఆయన మాటలో నిజం ఉంది. గ్లాసు నీళ్లు అనుమానం వరకే చెప్పగలవు. ఎక్కడ కలిసిందో, ఎవరు కలిపారో చెప్పలేవు. అంతకంటే ముఖ్యంగా, చారలు రాలేదంటే స్వచ్ఛమైనదని అర్థం కాదు. కారంలో కలిపే సుడాన్ రంగులు నీళ్లలో కరగవు, నూనెలో కరుగుతాయి. పసుపులో కలిపే లెడ్ క్రోమేట్ కూడా నీళ్లలో కరగదు, పసుపుతోపాటే అడుగుకు చేరుతుంది. రెండూ ఈ పరీక్షను తప్పించుకోగలవు.

ఒకరిద్దరు తల్లులు అడిగారు కాబట్టి ఇంకో మాట. పసుపుకు సున్నమో సబ్బు నీళ్లో తగిలి ఎర్రబడితే కంగారు పడకండి. అది కల్తీ కాదు, పసుపు గుణమే. మన పారాణి తయారయ్యేది అలాగే కదా. మెటానిల్ ఎల్లో అనే రంగును పట్టుకోవడానికి గాఢమైన ఆమ్లం వాడాలి. ఆ పని ల్యాబ్‌లోనే జరగాలి, వంటింట్లో వద్దు.

లెడ్ క్రోమేట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందులో ఉన్నది సీసం. మరిగించినా పోదు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు పర్వాలేదని చెప్పగలిగిన హద్దు దానికి లేదు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి రంగు మాసిన పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి ఈ పొడి పట్టించడం మొదలైంది. కొనేవాళ్లు మెరిసే కొమ్ములే అడగడంతో అది అలవాటైపోయింది. 2019లో అక్కడి మార్కెట్ల నుంచి తీసిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. ప్రభుత్వం మార్కెట్లలో తనిఖీలు చేసి, వ్యాపారులకు జరిమానాలు వేసి, ప్రజలకూ చెప్పింది. 2021కి ఆ సంఖ్య సున్నాకు వచ్చింది. రెండేళ్లే పట్టింది! మన దేశంలోనూ పాట్నా లాంటి చోట్ల విడిగా అమ్మే పసుపులో సీసం ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు చూపించారు.

అందుకే నా సలహా, పొడి కంటే కొమ్ములు కొనండి. అందులోనూ మరీ మెరిసేవి వద్దు. ఒక కొమ్మును నీళ్లలో వేసి చూడండి, వేసిన వెంటనే రంగు వదిలితే పక్కన పెట్టేయండి. ఎండుమిర్చి తొడిమలు తీసి, ఎండబెట్టి గిర్నీలో పట్టించుకుంటే ఇటుక పొడి బెడద ఉండదు. మా అమ్మ ఏటా వేసవిలో పట్టిస్తుంది. నాకు ఉద్యోగంతో కుదరదు, ప్యాకెట్టే కొంటాను. కొనేటప్పుడు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, తయారీ తేదీ చూస్తాను. నంబరుంటే స్వచ్ఛమైనదని హామీ ఏమీ లేదు, కానీ తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

అనుమానం వస్తే మిగిలిన పొడిని పారేయకండి. ప్యాకెట్టు, బిల్లుతో సహా దాచి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100కి ఫోన్ చేయండి. 2006 ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం మనలాంటి కొనుగోలుదారులు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే ఆ ఉద్దేశం కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. నాణ్యత లేదని రిపోర్టు వస్తే కట్టిన ఫీజు తిరిగిస్తారు.

ఈ నెల మిరియాల వంతు. బొప్పాయి గింజలు కలిపితే ఎలా తెలుస్తుందో చూద్దాం (అవి నీళ్లలో తేలతాయి, గట్టి మిరియాలు మునుగుతాయి). పది గింజలు పంపిస్తే చాలు. దయచేసి పొట్లం మీద పేరు రాయకండి.