నూలుపోగంత ప్రాణం

పార్సిప్పనీలో 287 ఎక్కి దక్షిణంగా వెళ్ళి 24వ నంబరు రోడ్డు పట్టుకుంటే, ట్రాఫిక్ కరుణించిన రోజున అరగంటలో ముర్రే హిల్ చేరతాం. బెల్ ల్యాబ్స్ ఉన్న చోటు. ట్రాన్సిస్టర్ పుట్టింది అక్కడే, 1947లో. యూనిక్స్ పుట్టిందీ, సీ భాష పుట్టిందీ అక్కడే. కంప్యూటర్ల పుణ్యాన అన్నం తింటున్న మనలాంటి వాళ్ళం ఆ వైపు వెళ్ళినప్పుడల్లా ఓ నమస్కారం పెట్టుకోవాలి. నాకు మాత్రం ఆ పేరు వినగానే ట్రాన్సిస్టర్ కంటే ముందు పదిహేడు సెకన్ల పాట ఒకటి గుర్తొస్తుంది. పాట అనడం కాస్త మర్యాద కోసమే.

1957 మే నెల. మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ మాటల మీద పనిచేస్తున్నాడు. మనిషి గొంతును అంకెలుగా మార్చి కంప్యూటర్లోకి ఎక్కించడం, మళ్ళీ ఆ అంకెల్ని శబ్దంగా మార్చి వినడం ఆయన పని. ఇంటి దగ్గర వయొలిన్ వాయించుకునేవాడు. గొంతును అంకెల్లోంచి తిరిగి తీయగలిగినప్పుడు, అసలు ఏ గొంతూ లేకుండా ఉత్త అంకెలతోనే ఎందుకు మొదలుపెట్టకూడదు అనుకున్నాడు. ‘మ్యూజిక్’ అని ఒక ప్రోగ్రాం రాశాడు. దాన్ని నడపడానికి న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో ఉన్న ఐబీఎం 704 దాకా వెళ్ళాలి. అది లెక్కలు కట్టి టేపు మీద అంకెలు రాస్తే, ఆ టేపు పట్టుకుని మళ్ళీ ముర్రే హిల్ వచ్చి శబ్దంగా మార్చుకోవాలి. సహోద్యోగి న్యూమన్ గట్‌మన్ ఆ ప్రోగ్రాం కోసం ‘ది సిల్వర్ స్కేల్’ అనే చిన్న ముక్క కట్టాడు. పదిహేడు సెకన్లు.

అంతకు ముందు 1951లోనే ఆస్ట్రేలియాలో ఒకటి, మాంచెస్టర్‌లో ఒకటి, కంప్యూటర్లు పాటల వరసల్ని కూసిన మాట నిజమే. కానీ శబ్దతరంగం రూపాన్ని మొత్తం అంకెల్లో రాసి దానికి గొంతు ఇవ్వడం ముర్రే హిల్ నుంచే మొదలైంది. ఇవాళ మన ఫోన్లో మోగే ప్రతి పాటా ఆ దారినే వస్తోంది.

ఆ పదిహేడు సెకన్లు ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి. వినండి. ఎక్కడ పడమంటే అక్కడే స్వరం పడుతుంది, ఎంతసేపు ఉండమంటే అంతసేపే ఉంటుంది. అయినా బాగుందని ఎవరూ అనరు. ఆ ప్రోగ్రాంకి తెలిసిన తరంగం ఒక్కటే, త్రికోణాకారంలో ఉండేది. ప్రతి స్వరమూ ఒకే అచ్చులో పోసిన ఇటుకలా వచ్చి పడుతుంది. ఇటుకకీ ఇటుకకీ మధ్య ఊపిరి లేదు.

ఇరవయ్యో శతాబ్దపు ఎలక్ట్రానిక్ సంగీత చరిత్ర గురించి లావుపాటి పుస్తకాలున్నాయి. యంత్రాల జాబితాలు, స్టూడియోల జాబితాలు, ఎవరు ముందు అనే తగవులు. నేను మాత్రం ఆ చరిత్రనంతా ఈ ఊపిరి లేకపోవడం చుట్టూ అల్లుకుని చదువుకుంటాను. శబ్దానికి ప్రాణం ఎక్కడుంటుందో వెతికిన మనుషుల కథగా. ఆ కథ చివరికి మన తంబూరా దగ్గరికి రావడం నాకు వింతగా అనిపించదు.

మాథ్యూస్ కంటే ముందు రెండు దారులు ఉండేవి. ఒకటి, లోకంలో ఉన్న శబ్దాన్నే పట్టుకుని కోసి, తిరగేసి, సాగదీసి సంగీతం చేయడం. 1948లో పారిస్ రేడియోలో పియేర్ షెఫేర్ రైలుబళ్ళ చప్పుళ్ళతో చేసింది అదే. అంతకు నాలుగేళ్ళ ముందే, 1944లో, కైరోలో హలీమ్ ఎల్-దాబ్ అనే యువకుడు వైర్ రికార్డర్ అరువు తెచ్చుకుని, ఆడవాళ్ళు దయ్యాల్ని వదిలించుకోవడానికి చేసే ‘జార్’ క్రతువును రికార్డు చేసి, ఆ గొంతుల్ని స్టూడియోలో రూపు మార్చాడు. చరిత్ర పుస్తకాలు ఆయన్ని చాలా ఆలస్యంగా గుర్తించాయి. ఈజిప్టు మనిషి కాబట్టి కాబోలు.

రెండో దారి జర్మనీది. 1951లో కొలోన్ రేడియోలో స్టూడియో పెట్టిన వాళ్ళకి లోకం శబ్దాలు అక్కర్లేదు. విద్యుత్ తరంగాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎవరూ ఎప్పుడూ వినని శబ్దాన్ని శూన్యంలోంచి కడతామన్నారు. మొదటి దారిలో శబ్దానికి ప్రాణం పుట్టుకతోనే ఉంది, కానీ అది చెప్పిన మాట వినదు. రెండో దారిలో చెప్పిన మాట వింటుంది, ప్రాణమే అరుదు.

మాథ్యూస్ అంకెల దారి ఈ రెండింటినీ కలిపేస్తుందనిపించింది. సీడీలో ఒక్క సెకను శబ్దానికి 44,100 అంకెలుంటాయి. బాలమురళి గొంతైనా బస్సు హారనైనా చివరికి ఆ అంకెల వరసే. కాబట్టి సరైన అంకెలు రాస్తే ఏ శబ్దమైనా వస్తుంది, సిద్ధాంతరీత్యా కంప్యూటర్‌కి హద్దుల్లేవు అని ఆయన 1963లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. నిజమే. కానీ ఏ అంకెలు? యాభై ఆరు అక్షరాలూ వచ్చినంత మాత్రాన పద్యం రాదు కదా.

1961లో జేమ్స్ టెన్నీ అనే కుర్ర స్వరకర్త బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. న్యూయార్క్ నుంచి రోజూ కారులో ముర్రే హిల్ రావాలి, పోవాలి. దారిలో హాలండ్ టనెల్. 1927లో హడ్సన్ నది కింద తెరిచిన ఆ సొరంగం మైలున్నర పైనే ఉంటుంది. పొగ బయటికి తోలడానికి 84 పెద్ద ఫ్యాన్లు. పార్సిప్పనీలో మొదలయ్యే 280 నన్నూ ఆ సొరంగం వైపే లాక్కెళుతుంది కాబట్టి ఆ హోరు నాకు బాగా తెలుసు. అద్దాలు ఎత్తేసి పాటలు పెట్టుకుంటాం. టెన్నీకి కూడా మొదట్లో ఆ హోరు విసుగే. కొన్నాళ్ళకి అది వినడం మొదలుపెట్టాడు. ఒకే హోరు అనుకున్న దాంట్లో పొరలున్నాయి, దగ్గరికొచ్చేవీ దూరమయ్యేవీ ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరుకల్లా ‘అనలాగ్ #1: నాయిస్ స్టడీ’ పూర్తిచేశాడు. నాలుగు నిమిషాల పైచిలుకు రచన. అందులో సొరంగం రికార్డింగు ఒక్కటీ లేదు, అన్నీ కంప్యూటర్ పుట్టించిన హోరులే. ఏ శబ్దం ఏ పరిధిలో తిరగాలో తను నిర్ణయించి, లోపలి వివరాల్ని యాదృచ్ఛిక సంఖ్యలకి వదిలేశాడు. ఏ రెండు క్షణాలూ ఒకేలా ఉండవు. ‘సిల్వర్ స్కేల్’లో లేని కదలిక ఇక్కడుంది. నాలుగేళ్ళ తేడాలో పుట్టిన ఈ రెండింటినీ పక్కపక్కన వింటే యంత్రం ఎంత మారిందో కాదు, చెవి ఎంత మారిందో తెలుస్తుంది.

హోరుని కూడా వినవచ్చనే మాట జాన్ కేజ్ అప్పటికే చెబుతున్నాడు. ఆయన దారిలో మన దేశం నుంచి ఒక మనిషి ఉంది. 1946లో అహ్మదాబాద్ నుంచి న్యూయార్క్ వచ్చిన గీతా సారాభాయ్ కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, బదులుగా ఆయనకి భారతీయ సంగీతం గురించి చెప్పింది. మనసును నెమ్మదింపజేయడానికే సంగీతం అన్న ఆమె గురువు మాటని కేజ్ జీవితాంతం మోశాడు. ఆమె కుటుంబానికి దగ్గరి సంస్థ అయిన అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయ్ కూడా అక్కడ పనిచేసింది. ఆ టేపులు యాభై ఏళ్ళు అల్మరాలో పడుండి 2023లో రికార్డుగా బయటికొచ్చాయి.

మళ్ళీ ముర్రే హిల్‌కి. 1964లో ఫ్రాన్సు నుంచి జాన్-క్లోద్ రిసే అనే భౌతికశాస్త్రవేత్త వచ్చాడు. స్వరకర్త కూడా. కంప్యూటర్ చేత ట్రంపెట్ ఊదించాలని ఆయన పట్టు. పుస్తకాల్లో ఉన్న లెక్క ప్రకారం ట్రంపెట్ స్వరంలో ఏ అతిస్వరాలు ఎంతెంత ఉంటాయో అన్నీ కలిపి వినిపిస్తే అది ట్రంపెట్‌లా ఉండేది కాదు. అతిస్వరాలంటే ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్నవే. మనకి ఒక్క స్వరంగా వినిపించే దాని లోపల ఒదిగి ఉండే పై స్వరాలు. రిసే నిజమైన ట్రంపెట్‌ని రికార్డు చేసి, స్వరం పుట్టిన క్షణం నుంచి పోయే దాకా లోపల ఏం జరుగుతోందో చిన్న చిన్న ముక్కలుగా కొలిచాడు. లెక్క ఎక్కడా నిలకడగా లేదు. ఊదగానే కింది అతిస్వరాలు ముందొస్తాయి, పైవి కాస్త వెనకగా వస్తాయి. గట్టిగా ఊదే కొద్దీ పైవి మరింత పెరుగుతాయి. కొలతల్లో కాదు, ఈ మారడంలోనే ట్రంపెట్ ఉంది. ఆ మార్పుల్ని అంకెల్లో పెట్టాక, కంప్యూటర్ ఊదిందేదో మనిషి ఊదిందేదో సంగీతకారులే తేల్చుకోలేకపోయారు.

ఇదంతా చదివినప్పుడు నాకు సి. వి. రామన్ గుర్తొచ్చాడు. తండ్రి విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు కావడం వల్ల ఆయన చిన్నప్పటి చదువు అక్కడే సాగింది. నోబెల్ తెచ్చిన పనికి కొన్నేళ్ళ ముందు, 1920ల మొదట్లో, కలకత్తాలో ఆయన తంబూరా, వీణల మీద ఓ చిన్న వ్యాసం రాశాడు. తీగని ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండవలసిన అతిస్వరాలు పుట్టకూడదు. అది యూరప్‌లో తయారైన సూత్రం. తంబూరాలో అవి పుట్టడమే కాదు, గట్టిగా పాడుతున్నాయని రామన్ చూపించాడు. కారణం బ్రిడ్జి. వయొలిన్ బ్రిడ్జిలా అది పదునుగా ఉండదు, వెడల్పుగా, కాస్త వంపుగా ఉంటుంది. దాని మీద, తీగ కింద, ఒక నూలుపోగు. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపుని తాకుతూ వదులుతూ ఉంటుంది. ఒక్క మీటుకి లోపలి స్వరాలన్నీ ఒకటి తర్వాత ఒకటి తలెత్తి చూస్తాయి. ఆ నూలుపోగుకి మన వాళ్ళు పెట్టిన పేరు జీవాళి. జీవం ఇచ్చేది. రిసే కంప్యూటర్ పెట్టి వెతికిన దాన్ని పేరులోనే పెట్టుకున్నారు.

ఇప్పుడు శ్రుతిపెట్టె సంగతి. 1979లో బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ రాడెల్ కంపెనీ మొదలుపెట్టాడు. వృత్తికి ఇంజనీరు, చేతిలో వేణువు. ఆ పెట్టెలు దేశాలు దాటి ప్రతి సంగీతం క్లాసుకీ చేరాయి. ఎలక్ట్రానిక్ సంగీతం అంటే మనది కాదని తల తిప్పుకునే ఇళ్ళలో కూడా నలభై ఏళ్ళుగా అది మోగుతూనే ఉంది. దాన్ని ఎలక్ట్రానిక్ సంగీతం అని ఎవరూ పిలవరు, అంతే. పార్సిప్పనీ లాంటి చోట ఆ పెట్టె లేకపోతే కర్ణాటక సంగీతం ఇంతమంది పిల్లలకి అందేదే కాదు. తంబూరాని విమానంలో తేవాలి. తెచ్చినా చలికాలం హీటర్ గాలికి ఎండిపోయి చెక్క పగులుతుంది. బేస్‌మెంట్లో పన్నెండు మంది పిల్లల్ని కూర్చోబెట్టుకున్న టీచరుకి ప్రతిసారీ శ్రుతి సరిచేసుకునే తీరిక ఎక్కడిది? మీట నొక్కితే పని అయిపోతుంది. ఇప్పుడు పెట్టె కూడా అక్కర్లేదు, ఫోనే.

అందులో పోయింది శబ్దం కాదు. ఈనాటి యాప్‌లో వచ్చేది అసలు తంబూరా రికార్డింగే, బాగానే ఉంటుంది. పోయింది శ్రుతి చేసుకోవడం. తీగ బిగించి, చెవి దగ్గర పెట్టుకుని, కలిసిందా లేదా అని ఆగి వినే ఆ రెండు నిమిషాలు. టెన్నీ సొరంగంలో చేసింది, రిసే ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి చేసింది అదే పని, ఒక్క శబ్దం లోపలికి దిగి వినడం. వాళ్ళ శ్రమ ఫలితం మన ఫోన్లోకి వచ్చి, మనకి ఆ పని లేకుండా చేసింది.

అలాగని కరెంటు మీద నింద వేయలేను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నా నోరు మూయిస్తాడు. మాండలిన్ తీగ మీటిన మరుక్షణం నాదం చస్తుంది. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. ఆయన జంటల్ని తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. కరెంటు నాదానికి దీర్ఘమైన ఊపిరినిచ్చింది, ఆ ఊపిరిలోకి గమకాన్ని ఆయన వేలు తెచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలిసారి వాయించినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. ఇది మన సంగీతానికి తగిన వాద్యమా అని సణిగిన పెద్దలు కొన్నేళ్ళలోనే సర్దుకున్నారు. 1995లో మైఖేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బం చేశాడు. అందులో చుట్టూ సాగే ఎలక్ట్రానిక్ నాదం మధ్య కూడా ఆయన తీగ ఎక్కడుందో చెవికి ఇట్టే తెలుస్తుంది. కదిలేది అదే కాబట్టి.

మా ఊళ్ళో సంగీతం చెప్పే ఒకావిడ దగ్గర పాత తంబూరా ఉంది. చిన్న పగులుకి జిగురు అతికించి కాపాడుకొస్తోంది. నెలకోసారి పెట్టె ఆపేసి దాన్ని బయటికి తీస్తుంది. ఓ రోజు నేను అక్కడున్నప్పుడు పిల్లలు చుట్టూ కూర్చున్నారు. ఆవిడ ఒక పిల్ల చేత నూలుపోగుని మెల్లగా జరిపించింది. ఇటు కాస్త, అటు కాస్త. చప్పగా ఉన్న తీగ ఒక్క చోట గుప్పుమని విచ్చుకుంది. పిల్ల చెయ్యి ఆపి, “టీచర్, గ ఎవరు పాడుతున్నారు?” అంది. ఎవరూ పాడటం లేదు. షడ్జం తీగ లోపలి నుంచి అంతర గాంధారం దానంతటదే వస్తోంది.

తీరిక దొరికితే ఇలా వినండి. ముందు ‘సిల్వర్ స్కేల్’, పదిహేడు సెకన్లే. తర్వాత టెన్నీ. తర్వాత ‘డ్రీమ్’. ఆఖర్న, దగ్గరలో ఎవరింట్లోనైనా తంబూరా ఉంటే శ్రుతి చేసి ఇవ్వమని అడక్కండి. మీరే చేయండి. గాంధారం వినిపించే దాకా.