గామా కిరణ విస్ఫోటనాలు: అంతరిక్ష దూరదర్శినులు వాటి జాడ పట్టే తీరు

నక్షత్రాల చివరి దశ గురించి మీరు ఇంతకుముందు చదివారు. చాలా భారీ నక్షత్రాలు కొన్ని కుప్పకూలేటప్పుడు కొద్ది సెకండ్లపాటు అపారమైన గామా కిరణాలు వెలువడతాయి. దీన్నే గామా కిరణ విస్ఫోటనం అంటారు. నేల మీది నుంచి ఆ కిరణాలను నేరుగా చూడలేం. వాటిని వాతావరణం శోషించుకుంటుంది. మన ప్రాణాలకు అది రక్షే గాని, ఖగోళ శాస్త్రవేత్తకు మాత్రం అడ్డు. అందువల్ల పరికరాన్ని అంతరిక్షంలోకి పంపక తప్పదు.

విచిత్రమేమంటే, వీటిని మొదట పసిగట్టినవి సైనిక ఉపగ్రహాలు. అణు పరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం 1963లో కుదిరింది. దాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తున్నారేమో చూడటానికి అమెరికా వేలా ఉపగ్రహాలను పంపింది. 1967 జులై 2న అవి ఒక గామా మెరుపును నమోదు చేశాయి. దాని తీరు అణ్వస్త్రం పేలుడును పోలిలేదు. తరవాత ఇలాంటివి మరికొన్ని కనిపించాయి. వేర్వేరు ఉపగ్రహాలను కిరణాలు చేరిన సమయాల్లోని తేడాను లెక్కగట్టి, అవి భూమి నుంచిగాని సూర్యుడి నుంచిగాని రాలేదని తేల్చారు. 16 విస్ఫోటనాల వివరాలను 1973లో ప్రచురించారు.

మరి ఎక్కడి నుంచి వస్తున్నట్లు? ఈ ప్రశ్న 24 ఏళ్లు తెగలేదు. కారణం పరికరాల్లోనే ఉంది. మామూలు దూరదర్శిని కటకంతోనో దర్పణంతోనో కాంతిని ఒకచోట కేంద్రీకరిస్తుంది. గామా ఫోటాన్లు మామూలు దర్పణం మీద పరావర్తనం చెందవు, లోపలికి చొచ్చుకుపోతాయి. కాబట్టి మెరుపు వచ్చిందని తెలిసేది గాని, దాని దిక్కు వెంటనే కచ్చితంగా తెలిసేది కాదు. 1991లో ప్రయోగించిన కాంప్టన్ వేధశాల 2,704 విస్ఫోటనాలను నమోదు చేసింది. అవి ఆకాశమంతటా సమంగా పరచుకొని ఉన్నాయి. పాలపుంతకు చెందినవైతే ఆ పట్టీ వెంబడే గుమిగూడి ఉండాలి కదా! అయినా ఇది బలమైన సూచనే తప్ప రుజువు కాదు.

రుజువు 1997లో దొరికింది. ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ ఉపగ్రహం, విస్ఫోటనం ఆగిపోయాక మిగిలిన ఎక్స్ కిరణాల మలివెలుగును పట్టుకుంది. ఎక్స్ కిరణాలను కేంద్రీకరించవచ్చు కాబట్టి స్థానం కచ్చితంగా తెలిసింది. అదే ఏడాది మే నెలలో మరో విస్ఫోటనపు మలివెలుగు వర్ణపటంలో 0.835 అరుణ విస్థాపన కనిపించింది. అంటే అది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జరిగింది.

మలివెలుగు త్వరగా మసకబారుతుంది. ఇక్కడ తొందర ముఖ్యం. 2004 నవంబరు 20న ప్రయోగించిన స్విఫ్ట్ ఉపగ్రహం ఈ తొందరను దృష్టిలో పెట్టుకొని రూపొందించినదే. అది దిక్కును ఎలా కనుక్కుంటుందో చూడండి. ఎండలో ఒక వెదురు తడికను నేలకు కొంచెం ఎత్తులో పట్టుకున్నారనుకోండి. నేల మీద చిల్లుల నమూనా పడుతుంది. పొద్దు వాలేకొద్దీ ఆ నమూనా పక్కకు జరుగుతుంది. మీరు తల ఎత్తకుండానే, నీడను చూసి సూర్యుడి దిక్కు చెప్పగలరు. స్విఫ్ట్‌లో తడికకు బదులు సుమారు 52,000 సీసపు పలకలు క్రమం లేకుండా అమర్చి ఉంటాయి. కింద 32,768 చిన్న శోధకాలు ఆ నీడను నమోదు చేస్తాయి. పలకల అమరికకు క్రమం లేకపోవడం లోపం కాదు. నమూనా ఎక్కడా పునరావృతం కాదు కనుకనే ఒక్కో నీడ ఒక్కో దిక్కును సూచిస్తుంది. ఉపగ్రహంలోని కంప్యూటరు లెక్క తేల్చి, ఒకటి రెండు నిమిషాల్లో ఎక్స్ కిరణ, అతినీలలోహిత దూరదర్శినులను అటు తిప్పుతుంది. నేల మీది వేధశాలలకూ కబురు అందుతుంది.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఆస్ట్రోశాట్‌లోనూ ఇలాంటి తడిక ఉన్న పరికరం ఉంది. విస్ఫోటనాల గామా కిరణాల ధ్రువణాన్ని కొలవడం దాని ప్రత్యేకత.

రెండు సెకండ్లకన్నా తక్కువసేపు ఉండేవి న్యూట్రాన్ నక్షత్రాల ఢీ వల్ల, ఎక్కువసేపు ఉండేవి భారీ నక్షత్రాలు కుప్పకూలడం వల్ల ఏర్పడతాయని పుస్తకాల్లో చూస్తారు. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకండ్లకు పొట్టి విస్ఫోటనం కనిపించడంతో మొదటి సగం రుజువైంది. రెండో సగాన్ని మాత్రం అలాగే కంఠస్థం చేయకండి. 2021 డిసెంబరు 11న దాదాపు నిమిషంపాటు సాగిన విస్ఫోటనం తరవాత, అలాంటి ఢీలో కనిపించే మలివెలుగే కనిపించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒకే సమయంలో రెండు దిక్కుల నుంచి గామా కిరణాలు వస్తే, తడిక కింది శోధకాలు ఏమి నమోదు చేస్తాయి? ఆ రెండు దిక్కులనూ విడదీసి చెప్పడం సాధ్యమా?