వెలుగు చుక్కల గిన్నె

ధర్మవరం, కదిరి పల్లెల్లో పెద్దవాళ్లకు చూపు తగ్గితే ఇంట్లో అందరూ ముందు శుక్లమనే అనుకుంటారు. కానీ అది నీటికాసులు (గ్లకోమా) కూడా కావచ్చు. ఈ జబ్బు ఎక్కువగా నొప్పి లేకుండా, చూపును పక్కల నుంచి తినేస్తూ వస్తుంది. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో, హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ రకం గ్లకోమా బయటపడినవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా ఆ సంగతి అంతవరకూ తెలియదు.

ఆ పక్క చూపును కొలిచేదే ఫీల్డ్ టెస్టు. 1889లో కోపెన్‌హేగన్ డాక్టరు బ్యెరుమ్ ఇందుకు తన గది తలుపునే తెరగా వాడుకున్నాడు. 1945లో బెర్న్‌లో హాన్స్ గోల్డ్‌మన్ లోపల తెల్లగా ఉండే గిన్నె యంత్రం తయారుచేశాడు. కంటి ప్రెషరు కొలిచే పరికరాన్ని 1950లలో ఇచ్చిందీ ఆయనే. కంప్యూటరు తోడయ్యాక చుక్కలు వేసే పని యంత్రానిదైంది.

ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, నడిమి దీపాన్నే చూడాలి. చుక్క సెకనులో ఐదో వంతు మెరుస్తుంది; కనబడితే బటన్ నొక్కాలి. ఎంత మసక చుక్క వరకు కనబడుతుందో తేల్చడానికి యంత్రం కావాలనే వెలుగు తగ్గిస్తుంది. ఆ మాట ముందే చెప్పకపోతే, కనబడని ప్రతిసారీ చూపు పోయిందేమోనని పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, చెప్పి తీరాలి.

నీటికాసుల రోగులకు కంటి ప్రెషరు కూడా చూస్తారు. మరి ఈ ఫీల్డ్ టెస్టే ఆ ప్రెషరును పెంచుతుందా? మామూలుగా అది 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. టెస్టు అయిన వెంటనే కొందరు రోగుల్లో కొద్దిగా పెరిగిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి; చెప్పుకోదగ్గ తేడా లేదని మరికొన్ని తేల్చాయి. ఆందోళన కారణం కావచ్చు. లోపలి నీరు బయటికి పోయే కోణం ఇరుకుగా ఉన్న కళ్లలో చీకటి గది వల్ల కంటిపాప పెద్దదై ప్రెషరు పెరిగే వీలుంది. అయినా ఈ భయంతో టెస్టు మానుకోకూడదు. పోయిన చూపు తిరిగి రాదు.

పుట్టపర్తిలో 1991లో తెరిచిన సత్యసాయి ఉచిత ఆసుపత్రికో, బెంగళూరుకో కూలి మానుకుని వెళ్లేవాళ్లు పరీక్షలన్నీ ఒక్కరోజే చేయించుకుంటారు. ఆ హడావిడిలో ఫీల్డ్ టెస్టు కాగానే తీసిన ఒక్క ప్రెషరు అంకెను బట్టి మందు మార్చడం సరికాదు. అంకె పక్కన టైము, టెస్టుకు ముందో తర్వాతో రాసి, అనుమానముంటే కాసేపాగి మళ్లీ చూడాలి. ఇంకొకటి: రక్తపరీక్షకు పరగడుపున వెళ్లినట్టు, డాక్టరు చెప్పకుండా ఆ రోజు కంట్లో వేసుకునే చుక్కల మందు మానేసి వెళ్లకూడదు.