కాషాకు ఏది జత? అపోహలు – వాస్తవాలు

వేయించిన బక్‌వీట్‌ను రష్యాలో, ఉక్రెయిన్‌లో గ్రేచ్కా అంటారు. అమెరికాలో అదే కాషా పేరుతో అమ్ముతారు. మెడిసిన్ చదవడానికి రష్యా, ఉక్రెయిన్‌లకు వెళ్లిన మన తెలుగు పిల్లలకు హాస్టల్ క్యాంటీన్‌లో ఇది తెలిసిన తిండే. ఇప్పుడు మన నగరాల్లోనూ బక్‌వీట్ ప్యాకెట్లు దొరుకుతున్నాయి. కానీ ఒకసారి వండి, నచ్చక, డబ్బాలో పోసి అటకెక్కించినవాళ్లు చాలామంది. తప్పు గింజది కాదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. దేనితో కలపాలి, దేనికి దూరంగా ఉంచాలి అన్న విషయంలో మనకున్న అపోహలే దాని రుచిని పాడుచేస్తున్నాయి.

అపోహ: ఇది గోధుమలో ఒక రకం

పేరులో ‘వీట్’ ఉన్నా గోధుమతో దీనికి చుట్టరికం లేదు. ఇది వరి, గోధుమల్లా గడ్డిజాతి మొక్కే కాదు. మన చుక్కకూర ఏ కుటుంబానికి చెందిందో ఇదీ ఆ కుటుంబానిదే. మనం తినేది దాని మూడు పలకల గింజను. అందులో గ్లూటెన్ ఉండదు. అయితే గ్లూటెన్ పడనివాళ్లు బక్‌వీట్ పేరు కనిపించిన ప్రతి వంటకాన్నీ నమ్మకూడదు. జపాన్ సోబా నూడుల్స్‌లో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. బక్‌వీట్ గింజకే అలర్జీ వచ్చేవాళ్లూ ఉన్నారు. అందుకే జపాన్‌లో ప్యాకెట్ మీద దీని పేరు ప్రకటించడం తప్పనిసరి చేశారు.

అపోహ: అన్నంలాగే చప్పటి గింజ, మసాలా దట్టిస్తే గానీ రుచి రాదు

మన వంటిళ్లలో ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. అల్లం వెల్లుల్లి ముద్ద, టమాటా, గరం మసాలా వేసి పులావులా వండితే చివరికి లవంగం, దాల్చినచెక్క వాసనే మిగులుతుంది. వేయించిన బక్‌వీట్‌కు సొంత వాసన బలంగా ఉంటుంది. పచ్చి గింజలో శాలిసిలాల్డిహైడ్ అనే పదార్థం దానికి ప్రత్యేకమైన పరిమళాన్నిస్తుంది. వేడి తగిలినప్పుడు గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి పైరజీన్లు తయారవుతాయి. వేయించిన కాఫీ గింజల్లో, వేరుశనగల్లో మనం ఇష్టపడే వాసనలోనూ ఈ పైరజీన్లున్నాయి. ఇంత వాసన ఉన్న గింజకు కావలసింది దాన్ని మోసే తోడు. ఈ పరిమళాల్లో చాలావాటికి నీటికంటే కొవ్వుతో పొత్తు ఎక్కువ. వెన్న గానీ నెయ్యి గానీ పడగానే కాషా రుచి తెరుచుకోవడం అందుకే.

రెండో తోడు ఉల్లిపాయ. పైపైన మగ్గిస్తే చాలదు, సన్నని సెగ మీద ముదురు బంగారు రంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయించాలి. ఉల్లిలోని తీపి, మాడీ మాడని ఆ వాసన, గింజలోని కాల్చిన రుచి ఒకే దారిలో నడుస్తాయి. దినుసుల్లో మిరియాలు, బిరియానీ ఆకు, కాస్త జీలకర్ర చాలు. కొవ్వు, ఉల్లి పడ్డాక నాలుకకు పులుపు కావాలి. రష్యన్లు స్మెతానా అనే పుల్లని మీగడ వేసుకుంటారు. పోలెండ్‌లో కెఫీర్ గానీ పుల్ల మజ్జిగ లాంటి పులిసిన పాలు గానీ పక్కన ఉంటాయి. ఊరేసిన దోసకాయ, పులియబెట్టిన క్యాబేజీ, బీట్‌రూట్ కూడా అక్కడ మామూలే. మన ఇంట్లో గడ్డ పెరుగు ఆ పని చక్కగా చేస్తుంది. నన్నడిగితే చుక్కకూర పప్పు కూడా చేస్తుంది. టమాటా కూరైనా ఫరవాలేదు, పక్కన వడ్డించుకోవాలి గానీ గింజతో కలిపి ఉడికించకూడదు.

అపోహ: ఇది మాంసానికి పక్కవంటకం, శాకాహారులకు పనికిరాదు

మాంసంతో తింటారన్నది నిజమే. క్యారెట్, ఉల్లి, మాంసం ముక్కలతో వర్తకుల పద్ధతి గ్రేచ్కా అని రష్యాలో ఒక వంటకమే ఉంది. కానీ ఈ గింజకు అన్నిటికంటే గొప్ప జత పుట్టగొడుగు. ఆ జంట బలపడింది ఉపవాసాల్లో. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసం పాటిస్తారు. ఆ వారాల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న నిషిద్ధం. పుట్టగొడుగుకు, ఉల్లికి అడ్డు లేదు; నూనెకు మాత్రం కఠిన నియమం ప్రకారం కొన్ని రోజుల్లోనే అనుమతి. అడవిలో ఏరి ఎండబెట్టుకున్న పుట్టగొడుగులను నానబెట్టి, ఆ నీళ్లు కూడా పారబోయకుండా కాషా వండుకునేవారు. ఎండిన పుట్టగొడుగులో మాంసపు రుచిని తలపించే గాఢత ఉంటుంది. ఆ రుచిలో గింజ కాల్చిన వాసన తేలిగ్గా కలిసిపోతుంది. మన దగ్గర దొరికే బటన్ పుట్టగొడుగులతో చేయాలంటే వాటి నీరంతా ఇగిరి ముక్కలు ఎర్రబడేదాకా వేయించాలి. పైన కాస్త డిల్, అంటే మన సోయకూర, తరిగి చల్లుకోవచ్చు.

తూర్పు ఐరోపా యూదుల ఇళ్లలో దారి వేరు. మాంసాన్నీ పాల పదార్థాన్నీ ఒకే భోజనంలో కలపకూడదన్నది వాళ్ల నియమం. మాంసం ఉన్న పూట వెన్న వాడలేరు కాబట్టి కోడి కొవ్వు కరిగించి, అందులో ఉల్లిపాయలు వేయించి, కాషానూ నూడుల్స్‌నూ కలిపారు. అదే కాషా వార్నిష్కెస్. అమెరికాకు వలస వెళ్లినా ఈ వంటకాన్ని వాళ్లు వదల్లేదు. నియమాలు రెండూ వేర్వేరు, కొవ్వులూ వేరు. ఉల్లి మాత్రం రెండుచోట్లా ఉంది.

అపోహ: ఎలా వండినా ముద్దవుతుంది

తెల్లగానో లేత ఆకుపచ్చగానో ఉన్న పచ్చి గింజ కొని, అన్నంలా నానబెట్టి, కుక్కర్‌లో పెడితే ముద్ద కాక ఏమవుతుంది? దాని జిగురు, పిండి నీళ్లలోకి దిగిపోతాయి. ముందే వేయించిన గోధుమరంగు గింజ గట్టిగా ఉండి పొడిపొడిగా విడుతుంది. అది దొరకకపోతే పచ్చి గింజనే నూనె వెయ్యని మూకుడులో మధ్యస్థ సెగ మీద ఎర్రబడి కమ్మని వాసన వచ్చేదాకా కలుపుతూ వేయించండి. ఒక కప్పుకు రెండు కప్పుల మరిగే నీళ్లు పోసి, ఉప్పు వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద నీరు ఇగరనివ్వాలి. మధ్యలో గరిటె పెట్టొద్దు. దించాక గిన్నెకు మందపాటి తువ్వాలు చుట్టి కాసేపు వదిలేయడం రష్యన్ ఇల్లాళ్ల అలవాటు. యూదుల వంటింట్లో ఇంకో కిటుకుంది. గిలక్కొట్టిన గుడ్డును గింజలకు పట్టించి, విడివిడిగా అయ్యేదాకా వేయించి, తర్వాతే నీళ్లు పోస్తారు.

అపోహ: బక్‌వీట్ అంటేనే చేదు

బాగా చేదుగా ఉండేది టార్టరీ బక్‌వీట్ అనే మరో జాతి. హిమాలయ ప్రాంతాల్లోనూ చైనా కొండల్లోనూ దాన్ని పండిస్తారు. మామూలు బక్‌వీట్ మాడిపోతే తప్ప చేదెక్కదు.

అపోహ: నవరాత్రుల్లో ఉత్తరాదివారు వాడే కుట్టు పిండి రుచీ ఇదే

మొక్క ఒకటే, రుచి వేరు. కుట్టు పిండిని మామూలుగా వేయించని గింజతో విసురుతారు. ఆ ఉపవాసంలో ఉల్లి, వెల్లుల్లి తినరు. అందుకే అక్కడ దానికి జతగా ఉడికించిన బంగాళాదుంప, సైంధవ లవణం, పెరుగు స్థిరపడ్డాయి. పూరీలకు, పకోడీలకు ఆ జత బాగుంటుంది. కాషాకు మాత్రం ఉల్లి లేని లోటు తెలిసిపోతుంది. ఇంకో జాగ్రత్త: ఈ పిండి నిల్వ ఉంటే త్వరగా ముక్కుతుంది, కొద్దికొద్దిగానే కొనుక్కోవాలి.

అపోహ: డైట్ తిండి కాబట్టి నెయ్యీ ఉప్పూ లేకుండా తినాలి, షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు

100 గ్రాముల పొడి గింజలో 70 గ్రాములకు పైగా పిండిపదార్థమే ఉంటుంది. ప్రోటీన్, పీచు, మెగ్నీషియం బాగా ఉన్న మాట వాస్తవమే. అంతమాత్రాన కొలత లేకుండా తినకూడదు. షుగర్ ఉన్నవాళ్లు గింజ తగ్గించి పుట్టగొడుగులు, ఆకుకూర, పెరుగు పెంచుకుంటే కడుపూ నిండుతుంది. ఒక చెంచా నెయ్యికి భయపడి చప్పగా ఉడికించుకున్నవాళ్లు నాలుగు రోజులకే విసిగి మానేస్తారు.

అపోహ: తీపికి పనికిరాదు

రష్యాలో ఎందరో పిల్లలకు దీనితో పరిచయం పాలు, పంచదార కలిపిన గిన్నెతోనే. స్లొవేనియాలో బక్‌వీట్ రొట్టెలో అక్రోటు పప్పు వేస్తారు. కాల్చిన రుచికి ముదురు తీపి నప్పుతుంది కాబట్టి మన బెల్లం, ఖర్జూరం, వేయించిన అక్రోటు దీనికి పంచదార కంటే మంచి జత అని నా అభిప్రాయం. బెల్లాన్ని మాత్రం గింజ పూర్తిగా ఉడికాకే కలపాలి. తీపే వద్దనుకునేవాళ్లకు జపాన్‌లో సోబాచా ఉంది. వేయించిన గింజల మీద వేడినీళ్లు పోసి తాగే పానీయమది. తాగాక అడుగున మిగిలిన మెత్తని గింజలనూ తినేయొచ్చు.